నేలమీద బ్రేకు

మా మేనకోడలి దగ్గర కారు నేర్చుకోవడానికి చేరినవాళ్లకి మొదటి వారమంతా ముందుకు పోయే యోగం ఉండదు. ఆగడమే పాఠం. ఊళ్లో అందరూ దాన్ని బ్రేకు టీచరంటారు. ఆ పిచ్చి ఎక్కడిదో నన్నడగండి, నా కారు పాడుచేసుకుని మరీ తెలుసుకున్నాను.

వాళ్ల నాన్న, అంటే మా ఆవిడ అన్నగారు, ఇదే ఊళ్లో కారు నేర్పేవాడు. నేర్పే కారులో పక్కసీటు దగ్గర కూడా ఒక బ్రేకుంటుంది, శిష్యుడు తెల్లమొహం వేస్తే గురువుగారు నొక్కడానికి. ఒకరోజు ఒక శిష్యుడు ఎర్రలైటు దాటేశాడు. మా బావగారు బ్రేకు నొక్కాడు గానీ, ఒక్క క్షణం ఆలస్యంగా. పోలీసు వచ్చి ఇద్దరి కాగితాలూ అడిగాడు. శిష్యుడివి నిక్షేపంగా ఉన్నాయి. గురువుగారికే ఈ దేశంలో ఉండే గడువు ఎప్పుడో తీరిపోయింది. మొగుడూ పెళ్లాలిద్దర్నీ సొంత దేశానికి పంపించేశారు, పదేళ్లదాకా ఇటు రాకూడదన్నారు. పిల్ల ఇక్కడే పుట్టింది కాబట్టి ఉండొచ్చట. చట్టానికి ఎంత దయో. రెండో తరగతి పిల్లని మా ఇంట్లో వదిలి వెళ్లారు.

ఆ రోజునుంచీ మా బావగారు ఫోనులో కాపురం పెట్టాడు. పొద్దున పిల్ల పళ్లు తోముకుంటుంటే అద్దం పక్కన ఆయన మొహం. పిల్ల స్టూలెక్కితే చాలు, అక్కడ ఆయన కుడికాలు బ్రేకు నొక్కినట్టు నేలని నొక్కేది. కాలు మాకు కనపడదు, భుజం ఒక్కసారి కిందికి దిగడం కనపడేది. చప్పుడు భరించలేక కింది వాటావాళ్లు తగువుకొస్తే, వాళ్లమ్మ ఆయన కాలికింద దుప్పటి మడతపెట్టి పరిచింది.

పద్దెనిమిది నిండగానే నా కారులో పాఠాలు మొదలు. ఫోను ముందద్దానికి ఆనించి ఉండేది, వెనక సీట్లో నేను. అక్కణ్ణుంచి మాట రావడానికి కాస్త సమయం పట్టేది. "బ్రేకమ్మా" అన్న మాట మాకు చేరేసరికి అడ్డమొచ్చిన కుక్క ఇంటికెళ్లిపోయేది. ఇది మాత్రం నాన్న మాట జవదాటకుండా ఖాళీ రోడ్డు మధ్యలో ఠక్కున ఆపేది. వెనక బంపరు రెండుసార్లు మార్పించాను.

"ఆ ఫోను కట్టేసి నడపవే" అన్నాను ఒళ్లు మండి.

"నాన్న చూస్తున్నాడు మామయ్యా" అంది.

పరీక్ష రోజు ఫోను లోపలికి వద్దన్నారు. మొదటిసారికే పాసైంది. ఆ సాయంత్రం బావగారు నాకు విడిగా ఫోను చేశాడు.

"నేను లేకపోతేనే బాగా నడిపింది, చూశారా బావగారూ" అని నవ్వాడు. మళ్లీ తనే, "ఇక నాతో దానికేం పని?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

పదేళ్ల గడువు అప్పటికే దాటిపోయింది. ఆ పైన వీసా కోసం ఇంకో ఐదేళ్లు తిప్పించుకున్నారు. పిల్ల ఈలోగా సొంత డ్రైవింగ్ స్కూలు పెట్టేసింది. వాళ్లొచ్చే రోజు ఎయిర్‌పోర్టుకి నా కారు కడిగించి ఉంచితే, కాదు, తన నేర్పే కారులోనే వెళ్దామంది.

వాళ్లమ్మ పరుగున వచ్చి పిల్లని వాటేసుకుని బావురుమంది. ఆయన మాత్రం పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. "బాగున్నావామ్మా?" అన్నాడు, పక్కింటి పిల్లని పలకరించినట్టు. కారు దగ్గర వెనక తలుపు తియ్యబోతే, "ముందు కూర్చో నాన్నా" అంది.

మొదటి మలుపులో పక్కసందులోంచి బస్సు ముక్కు బయటపెట్టింది. ఆయన భుజం దిగింది. కారు ఆగిపోయింది. మా ఆవిడతో కలిపి వెనకున్న మా ముగ్గురి మొహాలూ ముందు సీట్లకి కొట్టుకున్నాయి. ఆయన వంగి కాలికింద చూసుకున్నాడు.

"ఇది పనిచేస్తోందేమిటే?" అన్నాడు.

"పనిచేస్తుంది నాన్నా. నువ్వు నొక్కు" అంది.

గంట దారికి రెండున్నర గంటలు పట్టింది. కుక్కకి నొక్కాడు, బస్సుకి నొక్కాడు, పేవ్‌మెంటు మీద తన మానాన తను నడిచిపోతున్న ముసలాయనకి కూడా నొక్కాడు. నొక్కినప్పుడల్లా అది కళ్లు తుడుచుకుని, నవ్వి, మళ్లీ బండి తీసేది. ఇల్లు చేరేసరికి నా నుదురు బొప్పి కట్టింది. నేను ఒక్కమాట అంటే ఒట్టు.