రెండు వేళ్ల వదులు

"ఆకుపచ్చ చీర తీసినా మే నీకు. కట్టుకుంటావా, మడిచి పెట్టెలో పెడతావా?"

"చూద్దాంలే క్కా."

మా అక్క ఫోన్‌లో నాతో ఆఖరిసారి మాట్లాడినప్పటి మాటలివి. అక్క అప్పుడు ఖతార్‌లో ఇంటిపని చేసేది. నేను రాయచోటి పక్కన మా ఊళ్లో ఉండేదాన్ని. వారం తిరక్కముందే, డ్యూటీలో ఉండగానే అక్క గుండె ఆగి పోయింది.

ముందే చెప్తున్నా, దయ్యాలను నమ్మే మనిషిని కాదు నేను. మొగుడు పోయిన ఇంట్లో ఆరేళ్లు ఒక్కదాన్నే పడుకున్నా. ఎలుకలు తప్ప ఏవీ పలకరించలేదు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే రాస్తున్నది సుగుణ, మా అక్క కూతురు. ఖతార్‌లోనే, అల్ సద్ అనే పేటలో ఒక క్లినిక్‌లో పని చేస్తుంది.

ఆ ఫోన్‌లోనే అక్క, చీర మీదికి జాకెట్టు కూడా కుట్టనిచ్చినానంది. నా ఆది జాకెట్టు లేకుండా ఎట్లా కుడతారని అడిగా. "నా జాకెట్టే ఇచ్చినా ఆదికి. ఎప్పటికైనా నీకు సరిపోతాదిలే" అని నవ్వింది. అక్కది అమ్మ పోలిక, బొద్దుగా ఉండేది. నేను నాయన పోలిక, ఎండుపుల్లను. ఆమె జాకెట్టులో నాలాంటి వాళ్లు ఇద్దరు పడతారు.

అక్క సామానులో చీర వచ్చింది. జాకెట్టు రాలేదు. ఏ టైలరో కూడా మాకు తెలియదు.

ఆ ఏడాదే నేనూ ఇక్కడికే, ఖతార్‌కు వచ్చా. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక ఇంట్లో వంట చేస్తా. తొమ్మిదేళ్లయింది. చీర పెట్టె అడుగునే ఉంది. మూడేళ్ల కింద స్టూలు మీద నుంచి పడి కుడి చేయి విరిగింది. అతికింది గానీ, మోచేతి పైన, దండ దగ్గర వాపు నిలిచిపోయింది. అప్పటి నుంచి ఏ జాకెట్టయినా కుడి చేయి విప్పి వదులు చేసుకోవాల్సిందే.

యాభై దాటాక ఒళ్లు వచ్చింది. ఒకరోజు మేడమ్ గదిలో అద్దం తుడుస్తుంటే అక్క గడ్డం కనబడింది. నాదే. అప్పటి నుంచి చూస్తే నడుం మీద చేయి పెట్టి నిలబడేదీ, తుమ్మే ముందు ముక్కు ముడిచేదీ, అన్నీ ఆమెవే.

శుక్రవారం మధ్యాహ్నం మా ఆడవాళ్లమంతా రత్నం గదిలో చేరతాం. రత్నం గోదావరి మనిషి. అందరూ పట్టుచీరలు తీసి, గాజులు మార్చుకుని, చిన్నపిల్లల మాదిరి ముస్తాబై ఫోటోలు దిగుతారు. నేను కుచ్చిళ్లు సర్దుతా, పిన్నులు పెడతా. అంతే.

"ఏంటొదినా, మాకు కుచ్చిళ్లు పెట్టడానికే పుట్టావా? ఇక్కడ మీ అత్తగారు ఉందా, ఆడబిడ్డ ఉందా చూడ్డానికి?" అని రత్నం దెప్పుతుంది.

"నాకెందుకులే రంగులు" అంటా. కానీ వాళ్ల చీరల మీద చేయి వేస్తే తీయబుద్ధి కాదు. అది ఎవరికీ చెప్పలేదు.

పోయిన నెల రత్నం జాకెట్టు కుట్టనివ్వడానికి, ఆమె చెప్పిన టైలర్ దగ్గరికి పోయా. కడప సాయబు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏమ్మా, ఇన్నేళ్లకు గుర్తొచ్చినామా? పై అరలో పడుండాది నీ కవరు."

దించి దుమ్ము దులిపి ఇచ్చాడు. ఆకుపచ్చ జాకెట్టు. దాంతోపాటే అక్క పాత జాకెట్టు, ఆదికిచ్చింది.

నన్ను చూసి అక్క అనుకున్నాడు. అక్కడి వరకు నాకు అర్థమయింది. ముఖం కలిసింది, అంతే.

గదికి తెచ్చి తొడుక్కున్నా. ఒళ్లంతా అతికినట్టు సరిపోయింది. అదీ అర్థమయింది. నా ఒళ్లు అక్క ఒళ్లు అయింది కదా.

అర్థం కానిది కుడి చేయి. అంత వాపు ఉన్నా ఎక్కడా బిగుసుకోలేదు.

జాకెట్టు విప్పి ఇస్తే రత్నం తిరగేసి చూసింది. ఎడమ చేయి కంటే కుడి చేయి రెండు వేళ్లు వదులుగా కుట్టి ఉంది. అక్క ఆది జాకెట్టు పక్కన పెట్టి కొలిచాం. దాని చేతులు రెండూ సమానం. మళ్లీ పోయి సాయబును అడిగితే, "ఆది ఎట్లుంటే అట్లనే కుడతా తల్లీ. రెండు చేతులకు రెండు కొలతలు నేనెందుకు పెడతా?" అని తనే తెల్లబోయాడు. అక్క పోయిన ఆరేళ్లకు విరిగిన చేయి ఇది.

ఆ శుక్రవారం చీర కట్టా. రత్నం పెద్ద బొట్టు పెట్టింది, నేను వద్దనలేదు. అంతలో సుగుణ వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది. కాసేపటికి దగ్గరికొచ్చి, "కొంగు ఎత్తుగుండాది పిన్నీ" అని సర్దింది. సర్దినాక కూడా కొంగు వదల్లేదు. రాయి మే సుగుణా, అది కూడా రాయి.

అరగంట కట్టుకున్నా. ఎంత బాగుందో. కానీ గది దాటి అడుగు బయట పెట్టలేదు. విప్పి మళ్లీ పెట్టెలో పెట్టా.

ఆ రెండు వేళ్ల వదులు ఎక్కడిదో నాకు ఈరోజుకీ తెలియదు. తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.

చాల్లే మే సుగుణా. ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. ఈమధ్య నీ గొంతు మీ అమ్మ గొంతు మాదిరే వస్తోంది. చీర కట్టుకుంటావా అని మీ అమ్మ అడిగిన చోట కాస్త ఆగు. నా జవాబు చదవమాక. ఈసారి నేనే చెప్తా.