ఒక్క వరుసలో అత్తమ్మ

మా అక్క బిడ్డ స్నేహలత గురించి నాలుగు మాటలు రాయాలి. నేను మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. అయినా ఇంగ్లండ్‌లోని ఈ బ్రాక్‌నెల్‌లో బస్సు డిపో రోటా, అంటే డ్యూటీల పట్టిక, ఏళ్ల తరబడి నా చేతుల మీదుగా నడిచింది. బతుకమ్మకు కౌన్సిల్ హాలు ఇప్పించింది నేను. స్నేహను ఇక్కడికి పిలిపించి మాస్టర్స్ చదివించింది నేను. అన్నం పెట్టి, జ్వరమొస్తే పక్కన కూర్చుని ఆమెను మనిషిని చేసింది మాత్రం నా భార్య కమలాదేవి.

స్నేహ కంపెనీ జీపీ సర్జరీల (ఇక్కడ డాక్టర్ల క్లినిక్‌లను అలా అంటారు) తరఫున రోగులకు ఉత్తరాలు పంపుతుంది, ఫలానా రోజు పరీక్షకు రండి అని. ఆ ప్రోగ్రామ్ పెర్ల్ అనే పాత కంప్యూటర్ భాషలో ఉంది. అందులో ఒక్కో రోగి ఒక ఆబ్జెక్ట్, అంటే వివరాల మూట. తప్పు వెతికేటప్పుడు మూట విప్పితే తెర మీద పేజీలకు పేజీలు కుమ్మరిస్తుందట. విసుగెత్తి స్నేహ ఒక ఏర్పాటు రాసింది. రోగిని చూపమంటే పేరు, పుట్టిన తేదీ, రావలసిన తేదీ ఒక్క వరుసలో కనిపిస్తాయి. మిగతాదంతా దాగిపోతుంది. ఆఫీసంతా దాన్నే వాడుకుంది. తెలుగు సంఘం సభలో మైకు పట్టుకుని ఆ సంగతి చెప్పింది కూడా నేనే.

మొన్న చలికాలంలో కమల పోయింది. ఎండలు మొదలయ్యాక ఆమె పేరు మీద ఉత్తరం వచ్చింది, షుగర్ పరీక్షకు రమ్మని. తరువాత ఇంకొకటి. ఫోన్ చేశాను.

"ఏమే, మీ అత్తమ్మను మళ్ల రమ్మంటున్నరు మీవోళ్లు."

"ఆమె పోయినట్టు సర్జరీల చెప్పినవా మామా?"

"డెత్ సర్టిఫికెట్ నేనే పట్కపోయి ఇచ్చిన. నాకు నేర్పుతవా?"

ఫిర్యాదు రాసి పంపాను. అది స్నేహ దగ్గరికే వెళ్లింది. రోజూ తెర మీద కమల వరుస చూసింది. పేరు సరిగ్గానే ఉంది, తేదీలు సరిగ్గానే ఉన్నాయి. "శుక్రవారం మళ్ల ఉత్తరాలు పోతయి మామా. ఇంకెంతమంది పోయినోళ్ల ఇండ్లకు పోతున్నయో" అని దిగులుపడింది.

చివరికి తన ఏర్పాటు తనే తీసేసి, మూట మొత్తం విప్పింది. మధ్యలో ఉంది కమల పోయిన తేదీ. సర్జరీలో కొత్త సిస్టమ్ వచ్చాక ఆ తేదీ వేరే తీరుగా వస్తోంది, ఉత్తరాల ప్రోగ్రామ్ దాన్ని గుర్తుపట్టలేదు. స్నేహ రాసిన వరుసలో దానికి చోటే లేదు.

"నేనే దాచిన మామా. వారం సంది ఆమె పేరు చూస్తున్న. బతికున్నట్టే ఉండె."

సరిచేసేసరికి ఆ వారం ఉత్తరాలు వెళ్లిపోయాయి.

సోమవారం పొద్దున తలుపు తీస్తే గేటు దగ్గర స్నేహ నిలబడి ఉంది. తను ఉండే మిల్టన్ కీన్స్ ఊరి నుంచి తెల్లారకముందే కారేసుకుని వచ్చినట్టుంది. పోస్ట్‌మ్యాన్ చేతిలోంచి ఉత్తరం అందుకుని సంచిలో పెట్టేసుకుంది.

"ఇటియ్యి."

"వద్దు మామా."

"నా ఇంటికొచ్చింది. ఇటియ్యి."

ఇచ్చింది. "చదవకు" అంది.

"ముందటియి చదివిన. పొద్దుగాల చాయ్ తాగకుండ రావాలని రాసిండ్రు. మీ అత్తమ్మ ఇంటుండెనా?"

నవ్వింది. నవ్వుతూనే మెట్టు మీద కూలబడింది. కర్మకాండలన్నీ దగ్గరుండి జరిపించినప్పుడు కూడా ఏడవని పిల్ల, అప్పుడు ఏడ్చింది.

"మిగతా ఇండ్ల కాడ ఎవరు నిలబడ్డరు మామా?"

ఉత్తరం చేతిలో పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను. పోస్ట్‌మ్యాన్ అప్పటికే వీధి మలుపు దాటిపోయాడు.