ముందు ఎవరి దీపం తెరుచుకోవాలి

2001 జూన్‌లో నన్ను కుప్పం నుంచి మదనపల్లె కార్యాలయానికి బదిలీ చేశారు. మాది గ్రామాల్లో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ. అందులో నా హోదా ప్రచురణల సహాయకుడు. అంటే కరపత్రం రాయడం, అచ్చు వేయించడం, పంచడం, మరునాడు అదే కరపత్రంలో బొరుగులు పొట్లం కట్టి అమ్ముతుంటే చూసి ఏమీ అనకుండా రావడం. కుప్పంలో ఎనిమిదేళ్లు ఈ పని చేశాను. వీడ్కోలు సభకు నాకూ, నాతోపాటు బదిలీ అయిన అకౌంటెంటుకూ కలిపి ఒకే దండ తెచ్చారు. ముందు ఆయన మెడలో వేసి ఫొటో తీశారు. తరువాత అదే దండ తీసి నాకు వేశారు. ఈ విషయాన్ని అప్పుడే రాతపూర్వకంగా పై అధికారుల దృష్టికి తెచ్చాను. జవాబు రాలేదు.

మదనపల్లెలో నాకు అప్పగించింది ఒక ఊరి పత్రిక. ఊరు పుంగనూరుకూ సోమలకూ మధ్య ఉంటుంది. పేరు రాయను. ఆ ఊరివాళ్లు ఏది కనిపించినా చదువుతారు, చదివాక ఉత్తరాలు రాస్తారు. ఊళ్లో వ్యవసాయం చేసుకునేవాళ్లూ, బెంగళూరులో పనులకు పోయినవాళ్లూ కలిసి కొన్నేళ్ల ముందు ‘ఊరి కబురు’ అని పదహారు పేజీల పత్రిక పెట్టుకున్నారు. మూడు నెలలకు ఒక సంచిక. పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, పెళ్లిళ్లు, ఎవరి బోరులో నీళ్లు పడ్డాయి, ఎవరి బోరులో దుమ్ము లేచింది, ఇవే వార్తలు. గౌరవ సంపాదకులు రిటైరైన హెడ్మాస్టరు వెంకట్రమణప్ప గారు. గౌరవ సంపాదకత్వం అంటే సంపాదకీయం పైన ఫొటో ఆయనది, కింద రాత నాది.

పని పద్ధతి ఇలా ఉండేది. ఊళ్లో వార్తలు పోగుచేసి, తిరగరాసి, మదనపల్లెలో డీటీపీ సెంటరుకు ఇవ్వాలి. అక్కడ కంప్యూటరులో అక్షరాలు కూర్చి తీసే మొదటి కాగితం ప్రూఫు. దాని మీద తప్పులు దిద్దాక పేజీలను బటర్ పేపరనే పలచటి కాగితం మీద తీస్తారు. దాన్నుంచి ప్లేటు, ప్లేటు నుంచి అచ్చు. ఆ సెంటరును భారతి అనే అమ్మాయి నడిపేది. మదనపల్లెలో ఫోను తీగ ద్వారా ఇంటర్నెట్ పెట్టించిన మొదటి కొద్దిమందిలో ఆమె ఒకతె. ఒకే కంప్యూటరుకు ఆ తీగ ఉండేది. ఆ కంప్యూటరు ముందు కూర్చోవాలంటే గంట లెక్కన కూర్చోవాలి.

ఇక జాతర సంగతి చెప్పాలి. ఆ ఊళ్లో ఎండాకాలంలో గంగమ్మ జాతర. ఇంటింటి నుంచి ఆడవాళ్లు పిండిదీపం తట్టలో పెట్టి తలమీద ఎత్తుకుని గుడికి పోతారు. పైవీధి తరఫున రెడ్డెప్ప ఇంటి దీపం, కిందివీధి తరఫున నాగరత్నమ్మ ఇంటి దీపం ముందు కదలాలి. ఈ రెంటిలో ఏది ముందు గుడిలోకి పోవాలనే తగువు ఒకప్పుడు చాలా దూరం పోయిందట. చివరకు పెద్దమనుషులు కూర్చుని తీర్పు చెప్పారు. ఎవరినీ వెనక్కి నెట్టలేదు. గుడి వాకిలి పడగొట్టి, రెండు తట్టలు పక్కపక్కన పట్టేంత వెడల్పుగా కట్టించారు. అప్పటినుంచి ఇద్దరు ఆడవాళ్లూ ఒకే అడుగు మీద గడప దాటుతారు. గడప దాటేటప్పుడు వాళ్ల పాదాలు చూడటానికే ఇద్దరు పెద్దలు కూర్చుంటారు.

పత్రికలో ఇది నాకు కష్టం కాలేదు. నడిమి పేజీల్లో రెండు ఇళ్ల దీపాల ఫొటోలూ పక్కపక్కన, ఒకే కొలతలో వేయించాను. స్కేలు పెట్టి కొలిచాను. ప్రెస్సులో నవ్వారు. నవ్విన వాళ్ల పేర్లు నాకిప్పటికీ గుర్తున్నాయి.

ఆ ఏడాది చివర్లో బెంగళూరులో ఉన్న ఊరివాళ్లు వెబ్‌సైటు కావాలన్నారు. సంస్థ ఒప్పుకుంది. నా హోదా అలాగే ఉంచి, బాధ్యతల్లో ‘వెబ్‌సైటు’ అని ఒక మాట కలిపింది. భారతి పేజీలు తయారు చేసింది. జాతర ఫొటోలు ఎక్కించేటప్పుడు ఆమె ఒక సలహా ఇచ్చింది: “సార్, ఫొటోలు చిన్నవి చేస్తాము. పెద్దవైతే తెరుచుకునేదానికి శానాసేపు పడతాది.” నేను వద్దన్నాను. కుప్పంలో సంస్థ వార్షికోత్సవ సంచికలో నా ఫొటోను తపాలా బిళ్లంత వేశారు. అప్పటినుంచి ఎవరి ఫొటోనూ చిన్నది చేయనివ్వకూడదని నా నియమం. రెండు పెద్ద ఫొటోలు తెర వెడల్పులో పక్కపక్కన పట్టవు కాబట్టి భారతి ఒకదాని కింద ఒకటి పెట్టింది. పైన రెడ్డెప్ప భార్య, కింద నాగరత్నమ్మ కోడలు. ఎందుకు అలా అంటే, రెడ్డెప్ప ఇంటి ఫొటో భారతి చేతికి ముందు అందింది. అంతకు మించి కారణం లేదు.

జాతర చాటింపుకు ఎనిమిది రోజులుండగా నాగరత్నమ్మ మా కార్యాలయానికి వచ్చింది. అరవై దాటిన మనిషి. పలమనేరు నుంచి వియ్యంకులను వెంటబెట్టుకుని, ముగ్గురు కోడళ్లతో భారతి సెంటరుకు పోయి గంటసేపు కూర్చుని, నేరుగా నా దగ్గరికి వచ్చింది.

“ఏమప్పా సారూ, మా ఇంటి దీపం యాడ పెట్టినావు?”

కింద ఉందని చెప్పాను.

“కిందంటే యాడ? మేజా కిందనా? గంటసేపు కూర్సున్నామప్పా. పైనుంచి నూలు వడికినట్ల రెడ్డెప్ప పెండ్లాము దిగతానే ఉండాది, దిగతానే ఉండాది. కాళ్లు వచ్చేతలికి గంటయిపాయ. ఆయమ్మ మొగము దినామూ బోరింగు కాడ సూస్తానే ఉండాను. దానికి వియ్యంకుల్ని పిలుసుకోని మదనపల్లె దాకా రావల్లనా?”

ఫోను తీగలో బొమ్మ ఒక్కొక్క గీతగా వస్తుందనీ, పైది అయ్యాకే కిందిది మొదలవుతుందనీ వివరించాను.

“అదే కదప్పా నేనూ అడిగేది. ఆయమ్మ అయినాక మేము. వాకిలి పగలగొట్టింది యాలనో నీకు తెల్దా? సరే. ఈ తూరి మా ఇంట్లో దీపం ఎత్తము.”

ఆమె ఇంటి దీపం ఎత్తకపోతే కిందివీధిలో ఏ దీపమూ కదలదు. ఒక వీధి దీపాలు రాకుండా జాతర జరగదు. పత్రిక కమిటీ ఆ సాయంత్రమే కూర్చుని, చాటింపు లోపల తగువు తీరకపోతే వెబ్‌సైటు మూసి, పత్రిక ఆపి, మా సంస్థకు నా మీద లేఖ రాయాలని తీర్మానించింది. బదిలీ అయి ఏడాది కూడా నిండలేదు. ఇంకో బదిలీ వస్తే ఈసారి సగం దండ కూడా ఉండదు.

వెంకట్రమణప్ప గారు నన్ను పిలిపించి, “పోయి ఒక మాట, తప్పయిపోయిందని చెప్పేసి రాప్పా. మాటకేమి, తూకమా?” అన్నారు. చేయని తప్పు ఒప్పుకోవడం నా స్వభావం కాదని చెప్పాను. దానికి బదులు, ఫోను తీగను కంప్యూటరుకు కలిపే మోడెం అనే పరికరం ఎలా పనిచేస్తుందో నాలుగు పేజీల వివరణ రాసి రెండు ఇళ్లకూ పంపాను. రెండు ఇళ్లలోనూ చదవలేదని తరువాత తెలిసింది.

భారతి ఫొటోలు తారుమారు చేసి చూద్దామంది. చేశాము. మరునాడు రెడ్డెప్ప వచ్చాడు. ఆయన మెత్తగా మాట్లాడే మనిషి. “ఏమి సార్, మొన్న పైన ఉంటిమి, నిన్న కింద పడితిమి. మా వల్ల ఏమన్నా తప్పు జరిగిందా?” అని అడిగి, జవాబు వినకుండా పోయాడు. వారానికొకరు పైన అనుకుందామంటే, జాతర వారం ఎవరిదని రెండు వీధులూ వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాయి. ఫొటోలు చిన్నవి చేస్తామంటే నాగరత్నమ్మ, “మా దీపాన్ని చిన్నది చేసే మొనగాడు ఎవురప్పా?” అని కబురు పంపింది.

నాలుగు రోజులు మిగిలాయి. అప్పుడు వచ్చిన ఆలోచన నాదే. తనదని భారతి అంటుంది, నేను ఒప్పుకోను. రెండు ఫొటోలను పక్కపక్కన అతికించి, తెర వెడల్పుకు సరిపోయే ఒకే ఫొటోగా చేస్తే, గీత గీతకూ ఇద్దరూ కలిసే దిగుతారు. ఒక్కొక్కరు కొంత తగ్గుతారు గానీ, తెర నిండా ఉన్న ఫొటోలో అది ఎవరికీ తెలియదు. కుడి ఎడమల గొడవ లేదు, వాకిట్లో ఎవరు ఏ పక్కన నడవాలో ముందే తీర్మానం ఉంది. చేసి చూశాము. రెడ్డెప్ప భార్య పొడగరి. ఆమె దీపం నాగరత్నమ్మ కోడలి దీపం కంటే నాలుగు వేళ్లు ముందు తెర మీదికి వచ్చింది.

భారతి తల పట్టుకుంది. నేను స్కేలు తీసి తెర మీద పెట్టాను. రెండు దీపాల వత్తులూ ఒకే గీత మీదికి వచ్చేదాకా నాగరత్నమ్మ కోడలి బొమ్మను పైకి జరిపించాను. వత్తులు కలిశాయి. అయితే ఆమె పాదాల కింద ఖాళీ మిగిలింది. అక్కడ భారతి కొంచెం మట్టిరంగు పూసింది. చూస్తే ఆమె చిన్న అరుగు మీద నిలబడినట్టుంది. ఇది రెడ్డెప్ప కంటపడితే కిందివీధిని అరుగెక్కించానని అంటాడు. వేరే దారి లేదు. సమయమూ లేదు.

చాటింపుకు ముందురోజు పొద్దున పది గంటలకు పరీక్ష. తెర ముందు ఒక పక్క రెడ్డెప్ప, ఒక పక్క నాగరత్నమ్మ, మధ్యలో వెంకట్రమణప్ప గారు. నాకు కుర్చీ వేయలేదు. భారతి తీగ కలిపింది. మోడెం కీచుమని, గరగరమని, ఊరుకుంది. ఫొటో మొదలైంది.

ముందు ఆకాశం. తరువాత రెండు వత్తుల మంటలు, ఒకేసారి.

“వచ్చినాయి,” అన్నారు వెంకట్రమణప్ప గారు. “రెండూ వచ్చినాయి. నేను సూసినా.”

“నేనూ సూస్తానే ఉండాను లెండి సార్,” అంది నాగరత్నమ్మ.

పిండిదీపాలు వచ్చాయి. తట్టలు వచ్చాయి. తట్ట పట్టుకున్న చేతులు, నుదుళ్లు, కళ్లు. రెడ్డెప్ప ముందుకు వంగి చూస్తున్నాడు. మెడలు వచ్చాయి, చీర కొంగులు వచ్చాయి. నాకు పాదాలు తప్ప వేరే ధ్యాస లేదు. ఇంకో పది నిమిషాల్లో ఆ అరుగు వస్తుంది. మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఫొటో ఆగిపోయింది.

“లైను కట్టయిపాయ సార్,” అంది భారతి.

నేను కిందికి చూశాను. గోడలోంచి ఊడిన ఫోను తీగ భారతి కాలి బొటనవేలి పక్కన పడి ఉంది. ఆమె నావైపు చూడలేదు.

రెడ్డెప్ప, “మళ్లీ మొదట్నుంచి పెట్టండి, ముగించి పోదాము,” అన్నాడు. నాగరత్నమ్మ అప్పటికే లేచి కొంగు దోపుకుంటోంది.

“సాల్లే రెడ్డెప్పా. దీపాలు రెండూ ఒగే తూరి వచ్చినాయి కదా. దండం పెట్టేది దీపానికా, కాళ్లకా?”

రెడ్డెప్ప కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. “నువ్వే సాలంటే నాకేమి పెద్దమ్మా,” అని తానూ లేచాడు.

నేను అప్పటికప్పుడు ఒక కాగితం రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించాను. “ఫొటో ఇప్పుడు తెర మీద ఎంతవరకు కనిపించిందో అంతవరకే ఉంచుటకు మాకు సమ్మతమే.” వాళ్లు బస్సెక్కాక భారతి ఫొటోను మోకాళ్ల దగ్గర కోసేసింది. ఒకరి ఫొటో కోయడానికి నా ఉద్యోగంలో నేను అనుమతి ఇవ్వడం అదే మొదటిసారి. కోశాక అది అంతకు ముందుకంటే త్వరగా తెరుచుకునేది కూడా. మరునాడు చాటింపు వేశారు. జాతరలో రెండు వీధుల దీపాలూ కదిలాయి, రెండు తట్టలూ ఒకేసారి గడప దాటాయి. కమిటీ రాయాలనుకున్న లేఖ రాయలేదు. తీర్మానాన్ని మాత్రం ఇప్పటికీ కొట్టేయలేదు. ఈ విషయమై రెండుసార్లు గుర్తు చేశాను.

ఈ వృత్తి గురించి అడిగేవాళ్లకు చెప్పేది ఇంతే. అచ్చులో పేజీ మొత్తం ఒకేసారి కళ్ల ముందుకు వస్తుంది. తెర మీద వంతులవారీగా వస్తుంది. నేను ఎవరినీ ముందు పెట్టలేదని పేజీ వేసినవాడు ఎంత వాదించినా, చూసేవాడికి ఒకరు ముందు కనిపిస్తే, ముందు పెట్టినట్టే లెక్క. తప్పు యంత్రానిదని నేను వారం రోజులు వాదించాను. తప్పు నాదే. ఆ తరువాత పదవీ విరమణ దాకా ఏ పేజీ తయారైనా, అది సగం తెరుచుకున్నప్పుడు ఎలా ఉంటుందో ముందు చూసి, ఆ తరువాతే పూర్తి పేజీ చూసేవాడిని.