గోడవతల నుంచి విన్న రెండో భాగం

మా చిన్నప్పుడు... సముద్రపు దొంగల సినిమా రెండో భాగం తెలుగులో మా ఇబ్రహీంపట్నం థియేటర్‌కు వచ్చిన వారమే నేను పెద్దమనిషినయ్యాను. నా ఒంటికి అంతకంటే మంచి ముహూర్తం దొరకలేదు మరి.

వెనక గదిలో మూలకు ఈతచాప వేసి కూర్చోబెట్టారు. నాయనమ్మ నా ముందర రోకలి అడ్డంగా పెట్టి, స్నానం చేయించేదాకా దీన్ని దాటొద్దంది. వేరే కంచం, వేరే చెంబు... పొద్దున లేస్తే బెల్లం, ఎండుకొబ్బరి, నువ్వులుండలు. మగవాళ్ల ముఖం చూడకూడదట. కన్నతండ్రైన బాపు ముఖం కూడా.

నా ఏడుపు వాటి గురించి కాదు, సినిమా గురించి. మొదటి భాగానికి బాపే తీసుకెళ్లాడు. ఎల్బీనగర్‌కు షేర్ ఆటో నడిపేవాడు... ఆ రోజు బండి పక్కన పెట్టి మరీ వచ్చాడు. అందులో ఓడలో పనిచేసే ఒక పిల్ల ఉంటుంది. తుఫానులో కెప్టెన్ పడిపోతే తనే చుక్కాని పట్టి అందరినీ ఒడ్డుకు చేరుస్తుంది. నేను సీటు మీద నిలబడి చప్పట్లు కొట్టాను. రెండో భాగం వస్తే మొదటి రోజే పోదామని బాపు మాటిచ్చాడు.

తీరా అది వస్తే, నేను గోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాను. కిటికీ కూడా ఓరగానే తీసేవారు. మైకు కట్టిన ఆటో సినిమా పేరు అరుచుకుంటూ పోతుంటే ఆ రోకలిని విసిరేయాలనిపించేది. ఒక్క అంగ వేస్తే చాలు... కానీ దాటితే ఇంటికి అరిష్టమని నాయనమ్మ ఎంత బెదిరించిందంటే, కాలు చాపుకోవాలన్నా భయమే.

రేపు సినిమా మారిపోతుందనగా బాపు ఒక్కడే పోయి చూసొచ్చాడు. సాయంత్రం కిటికీ కింద ఆటో ఆపి, అందులోనే కూర్చుని కథంతా చెప్పాడు. మనిషి కనబడడు, గొంతు ఒక్కటే. ఈసారి ఆ పిల్లను శత్రువులు కోటలో బంధిస్తారట... మరేం చేసిందని అడిగాను. తాళం తనే పగలగొట్టుకుని, గోడ దూకి, ఏకంగా వాళ్ల ఓడనే ఎత్తుకుపోయిందన్నాడు. ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

స్నానమైంది, రోకలి తీశారు, ఫంక్షన్ చేశారు. ఇక అయిపోయిందనుకున్నాను. కొన్నాళ్లకు ఇంకో సినిమా వస్తే పోదామన్నాను. ఎదిగిన పిల్లకు థియేటర్లెందుకంది నాయనమ్మ. బాపు తల దించుకున్నాడు... మళ్లీ ఎన్నడూ తీసుకెళ్లలేదు. బడి, ఇల్లు. పెళ్లయ్యేదాకా అంతే.

మొన్న తుర్కయాంజాల్‌లో మా ఫ్లాట్‌లో కూర్చుని, ఫోన్‌లో ఆ రెండో భాగం చూశాను. అభిమానిగా చెప్తున్నాను... పరమ చెత్త. కత్తియుద్ధాలు బోలెడు, కథ బెత్తెడు. దానికంటే ఒళ్లుమండిన సంగతి, మొదటి భాగంలో ఓడ నడిపిన పిల్లను ఇందులో సినిమా అంతా ఒక గదిలో కూర్చోబెట్టారు. ఏడవడం తప్ప ఆమెకు పనే లేదు. చివర్లో కెప్టెన్ వచ్చి తలుపు తీస్తాడు. తాళం పగలగొట్టడం లేదు, గోడ దూకడం లేదు. అదంతా బాపు కల్పించిందే.

వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. దొరికిపోయినట్టు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"కథల ఆ పిల్లను విడిపించినవ్ గద బాపూ... మరి నన్నెందుకు విడిపియ్యలే?"

ఆయన నవ్వు ఆగింది.

"కథ నా చేతుల ఉండె బిడ్డా... ఇల్లు మీ నాయనమ్మ చేతుల ఉండె."

ఇప్పుడు ఎవరికి కావలసిన సినిమా వాళ్ల అరచేతిలోనే ఉంది. నేనూ చూస్తున్నాను, అడిగేవాళ్లు లేరు... కానీ బాపు పక్కన కూర్చుని చూడాల్సిన ఆ వయసు పోయింది. ఇట్లా మూలన కూర్చుని మీరు పోగొట్టుకున్న సినిమా ఏదైనా ఉంటే కింద రాయండి. మా బాపులా మార్చి కాదు... జరిగింది జరిగినట్టు.