కుప్పం మాట వినే బండి

ఇంకా ముప్పై నిండని మనిషి ‘ఆ రోజుల్లో’ అని మొదలుపెడితే పెద్దవాళ్లు నవ్వుతారని తెలుసు. అయినా మదనపల్లెలో రోబోటిక్స్ చదివిన కాలం ఇప్పుడు ఎంత దూరంగా అనిపిస్తోందంటే, నాకు ఇంకో మాట దొరకడం లేదు. పుంగనూరు నుంచి రోజూ బస్సులో కాలేజీకి వెళ్లేదాన్ని. మిషన్లకు తెలివి నేర్పించే చదువు అని చెబితే మా అవ్వ నన్ను కాసేపు తేరిపార చూసి, “నువ్వా నేర్పించేది?” అంది.

కుప్పం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే నా స్నేహితురాలిని అందరూ మైకు అని పిలిచేవాళ్లు. వాళ్లకు గ్రానైట్ కోసే యార్డు ఉండేది. ఆ మోత మీద మాట్లాడి మాట్లాడి ఇంటిల్లిపాదికీ గొంతు పెద్దదైపోయిందట. నాదేమో పక్క బెంచీకి కూడా చేరని గొంతు. హాజరు పిలిచినప్పుడు నా బదులు అదే అరిచేది, “ఉండాది సార్, ఈడే ఉండాది” అని. (నేను సెలవు పెట్టిన రోజు కూడా ఒకసారి అరిచింది.)

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా ఇద్దరం కలిసి, చెప్పిన మాట వినే చిన్న చక్రాల బండి తయారుచేశాం. దానికి మాటలు నేర్పాలంటే చాలామంది గొంతులు రికార్డు చేయాలి. అడిగినవాళ్లంతా సిగ్గుపడి నసిగారు, నా గొంతు రికార్డింగులో వినపడనే లేదు. చివరికి మిగిలింది ఎక్కువగా మైకు గొంతే. దాంతో మా బండి అచ్చంగా కుప్పం మనిషైంది. ‘ముందుకు వెళ్లు’ అంటే కదలదు, మా వైపు ఆడపిల్లను పిలిచినట్టు ‘పో మే’ అంటే ఉరుకుతుంది. ఆపాలంటే ‘నిల్లు’ అనాలి. (కుప్పంలో తమిళం అలా అడక్కుండానే వచ్చి కూర్చుంటుంది.)

బయటి కాలేజీ నుంచి పరీక్షించే సారు వచ్చేరోజు పొద్దున మైకు నా ముందుకొచ్చి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ముందురోజు కబడ్డీ పోటీలో మా జట్టు కోసం అరిచి గొంతు పోగొట్టుకుంది. ప్రాజెక్టు పోతే పుణేలో మైకుకు వచ్చిన ఉద్యోగమూ పోతుంది.

“నువ్వే అరవాల మే,” అంది గుసగుసగా.

“నాకు రాదు.”

“వస్తాది. యాడికన్నా పోతే నిలిపేదానికి నేనుండాను కదా.”

సారు బండి ముందు నిలబడి చక్కటి పుస్తకాల తెలుగులో ఆజ్ఞలిచ్చాడు. అది ఉలకలేదు. “మాట వింటుందన్నారు?” అని మా వైపు తిరిగాడు. మైకు మొహం పాలిపోయింది. ఎప్పుడూ దేనికీ బెదరని మనిషి నా చెయ్యి పట్టుకుంది. నేను కళ్లు మూసుకుని, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అరవనంత గట్టిగా, “పో మే” అని అరిచాను.

బండి సారు కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయి, తలుపు దాటి వరండాలో పడింది. వెనక మేం, మా వెనక సారు. మైకు పరుగెత్తుతూ ‘నిల్లు’ అని నోరు కదుపుతోంది గానీ శబ్దం లేదు. బండి మా విభాగాధిపతి గదిలోకి దూరాక నేనే మళ్లీ అరిచాను. పెరుగన్నం తింటున్న ఆయన కుర్చీ పక్కన అది బుద్ధిగా ఆగింది.

“ఎవురమ్మా అరిసింది?”

“నేనే సార్.”

ఆయన చెంచా కింద పెట్టాడు. “నాలుగేండ్లయినా నీ గొంతు ఎట్లుంటాదో నాకు తెల్లేదు కదమ్మా.”

వెనక నుంచి వచ్చిన సారు గోడకు ఆనుకుని నవ్వుతూ ఉండిపోయాడు. గట్టెక్కాం. ఆ మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని మైకు నా భుజం మీద పడి నవ్వింది, కళ్లలోంచి నీళ్లు కారేలా, చప్పుడు మాత్రం లేకుండా.

అది పుణే వెళ్లిపోయింది, నేను బెంగళూరు చేరాను. రోజూ మాట్లాడుకోవడం కాస్తా పండగలకు మెసేజీలు పెట్టుకోవడం దగ్గర ఆగింది. మొన్న చెన్నై రైలెక్కుతున్నానని మెసేజీ పెడితే, సెలవుకు ఇంటికొచ్చానని కుప్పం స్టేషన్లో ఎదురుచూసింది. రైలు అక్కడ ఆగేది కాసేపే. “చిక్కిపోయినావే,” “నువ్వూ అంతే,” అని తలుపు దగ్గర అనుకునేసరికి రైలు కదిలింది, నేను సీటు దగ్గరికి పరుగెత్తాను. ఏసీ పెట్టె అద్దం అవతల అది నడుస్తూ ఏదో చెబుతోంది. నేనూ ఏదో చెప్పాను. ఇద్దరం అంతా అర్థమైనట్టు తలలూపుకున్నాం.

“ఏమంటోందమ్మా మీ ఫ్రెండు?” అని ఎదుటి సీటు పెద్దాయన అడిగాడు.

“తెలియదండీ,” అన్నాను. తలెందుకు ఊపానో తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే జోలార్‌పేట జంక్షన్ దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.