గౌరీశ్వరి మాట వినని బండి

గౌరీశ్వరికి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. యూనివర్సిటీ రోబోటిక్స్ ల్యాబులో అందరూ కంప్యూటర్లకు అతుక్కుపోయి కూర్చుంటే, ఈ పిల్ల కిటికీకీ తలుపుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ ఉండేది. 2005 ఏప్రిల్లో వైవా దగ్గరపడేసరికి ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది. మొబైల్ రోబోటిక్స్‌లో ఎం.టెక్ పూర్తవ్వాలంటే, నోటిమాటతో నడిచే తన బండిని పరీక్షకులవారి ముందు నడిపి చూపించాలి. అది మొరాయిస్తే ఈ ఏడు పట్టా లేనట్టే.

తిరగడమే తప్ప మాట్లాడడం ఉండేది కాదు. మొదటి సెమినార్లో ఏ ముహూర్తాన "రోబోకి మూడు సక్రాలు ఉంటాయి" అందో గాని, క్లాసంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు సాయిశంకర్. గౌరీశ్వరి వాళ్ళది ఎలమంచిలి పక్క వ్యవసాయ కుటుంబం. తండ్రికి స్టీల్‌ప్లాంటులో పని దొరికాక కూర్మన్నపాలెం వచ్చి స్థిరపడ్డారు. ఆ ఇంట్లో 'చ' అనే అక్షరంతో ఎవరికీ పనిలేదు. సీర, సెట్టు, సేపలు అనుకుంటూనే హాయిగా బతికేస్తున్నారు. నవ్వులపాలైన రోజు నుంచి గౌరీశ్వరి మాత్రం నాలుకకు కాపలా పెట్టుకుంది. ప్రతి మాటనీ లోపలే సరిచేసుకుని, అది సరిగ్గా వచ్చేలోగా సందర్భం దాటిపోయి, ఊరుకునేది. నెమ్మదస్తురాలని పేరొచ్చింది. నెమ్మదీ లేదు, పాడూ లేదు, లోపల ఉడికిపోతుండేది.

ఇంట్లో కంచం పట్టుకుని కూడా పచార్లే.

"ఏటే, బువ్వ తింతన్నావా, ఇల్లు కొలత్తన్నావా? కూకో!" అని తల్లి కసిరేది.

"నా బాద నీకేటి తెలుత్తాదమ్మా? ఆ బండి నడవకపోతే నా సదువంతా బూడిదలో పోసినట్టే."

బండికి మాటలు నేర్పడం ఎలాగంటే, మైకులో ఒక్కో మాటనీ పదేపదే చెప్పాలి. కంప్యూటర్ ఆ శబ్దం పోలికలు పట్టుకుని, మళ్ళీ అలాంటిదే వినపడితే చక్రాలకు కబురు పంపుతుంది. కదలడానికి 'పద' పెట్టింది. ఆపడానికి 'ఆగు' పెడితే ఫ్యాను హోరులో కలిసిపోతోందని 'చాలు'గా మార్చింది. అందరూ క్యాంటీనుకు పోయాక ఒక్కతే నేర్పింది, ఒక్కతే నడిపి చూసుకుంది. బండి చెప్పినట్టల్లా విన్నది. గైడు భీమశంకరరావుగారు ఏదీ చూపించమంటే గ్రాఫులు చూపించి తప్పించుకునేది. నలుగురిలో నోరు తెరవాలంటే అంత భయం మరి.

వైవా రోజు రానే వచ్చింది. పరీక్షకులు హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దమనిషి. గోడ పక్కన కుర్చీలో కూర్చుని, చేతిలో వేడి వేడి టీతో, "కానివ్వండమ్మా" అన్నారు.

"పద," అంది గౌరీశ్వరి. బండి కదిలింది.

"చాలు," అంది, అచ్చు రేడియోలో వార్తలు చదివినట్టు. బండి ఆగలేదు.

"చాలు... చాలు!"

వింటేనా? అడ్డు వస్తే ఆపే సెన్సర్ గోడల్ని చూస్తుంది గాని సన్నటి కుర్చీకాళ్ళని చూడదు. బండి తిన్నగా ఆ పెద్దాయన మీదికే పోతోంది. గౌరీశ్వరి నాలుక మీది కాపలా ఎటు పోయిందో, "సాలు!" అని కేకపెట్టింది. బండి ఠక్కున ఆగిపోయింది.

సాయిశంకర్ కిసుక్కుమన్నాడు. భీమశంకరరావుగారు శిష్యురాలిని గట్టెక్కిద్దామని, "మైకు లూజయినట్టుంది సార్" అని అందుకున్నారు.

ఔనంటే గొడవే లేదు. కానీ ఒక్కతే ఉన్నప్పుడు తన నోరు ఏం పలికిందో, బండి ఏం నేర్చుకుందో గౌరీశ్వరికి అప్పటికే అర్థమైపోయింది. తను రెండేళ్ళుగా దాచుకున్న మాటని ఈ మొద్దు యంత్రం భద్రంగా పట్టుకుని కూర్చుంది. దానిమీద అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

"మైకు బాగానే ఉందండి. మా ఇంట్లో అందరం సాలనే అంతామండి. నాను దానికి అదే నేర్పేసేను."

పెద్దాయన కప్పు కింద పెట్టారు. "ఒకే రకం పలుకుబడి నేర్పడం లోపమేనమ్మా. అది రిపోర్టులో రాయండి. లోపం ఎక్కడుందో మీకు తెలిసింది కాబట్టి పాస్ చేస్తున్నాను" అని, లేచి వచ్చి మైకు అందుకున్నారు. "పద" అన్నారు. బండి బయల్దేరింది. "సాళు" అన్నారు. అది పోతూనే ఉంది.

"అలా కాదండి," అంది గౌరీశ్వరి. ఆ గదిలో తడుముకోకుండా మాట్లాడడం ఆమెకదే మొదటిసారి. "నాలిక మడత పెట్టకండి. తేలిగ్గా వదిలేయండి. సాలు."

"సాలు."

బండి ఆగింది. ఆయన గౌరీశ్వరి వైపు తిరిగి, "ఇప్పుడు సరిగ్గా పలికానా?" అని అడిగారు.