మాకెవరూ లేని ఊరు

మా అమ్మాయి నా ఫోన్‌కు ఒక జాబితా పంపింది. మనసు కుదుటపడాలంటే వెళ్ళదగిన చిన్న ఊళ్ళట. అందులో సగం కొండల మీద ఉన్నాయి, మిగతా సగం విమానం దిగి మళ్ళీ కారెక్కాల్సిన చోట. ఒక్కో ఊరి కిందా ఒక ఫోటో. పొగలు కక్కే కప్పు, దాని వెనక మంచు, మనుషులు మాత్రం లేరు. మనుషులు లేనిది ఊరెలా అవుతుందో నాకు అర్థం కాలేదు. అయినా ఆ పిల్ల మాట కొట్టిపారేయలేకపోయాను. అప్పటికి నా దగ్గర వేరే ఉపాయమేదీ లేదు.

మా ఆయన బస్సు డ్రైవరు. పెళ్ళికి ముందు నుంచీ స్టీరింగు పట్టుకున్న మనిషి. గుండెకు స్టెంట్ వేశాక ఇక బస్సు నడపకూడదన్నారు. డిపోలో కూర్చుని చేసే పని ఇస్తామంటే ఈయనే వద్దన్నాడు. వెంకటాచలంలో మా ఇల్లు హైవేకు దగ్గర. పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని, వచ్చే బస్సులూ పోయే బస్సులూ చూస్తూ కూర్చునేవాడు. మొదట్లో, ఇది లేటు, దీనికి బ్రేకులు సరిగా లేవు అని గొణిగేవాడు. తర్వాత అదీ మానేశాడు. పిలిస్తే పలకడు. పెడితే తింటాడు, ఏం పెట్టానో చూడడు. గుండె బ్రహ్మాండంగా ఉందన్నారు డాక్టరు. గుండె ఉంది సరే, మనిషేడి? నాతో పోట్లాడే మనిషి, చర్చిలో పాటకు ముందే గొంతెత్తి నా పరువు తీసే మనిషి, ఆ మనిషి నాకు మళ్ళీ కావాలి. అంతకుమించి నేనేమీ కోరుకోలేదు.

నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. ఎంతటి అల్లరి పిల్లలనైనా కుదురుగా కూర్చోబెడతానని నాకు పేరు. కూర్చున్నవాణ్ణి లేపడం ఎలాగో మాత్రం నాకెవరూ నేర్పలేదు.

ఊరు నేనే ఎంచుకున్నాను. దొరవారిసత్రం వైపు వెళితే పక్షులొచ్చే చెరువులున్నాయి, పచ్చగా ఉంటుంది. కానీ అక్కడ ఈయన మేనత్త కొడుకులున్నారు. తెలిసిందంటే ఇంటికి రమ్మంటారు, వెళితే వీధంతా వచ్చి ఆపరేషన్ ఎక్కడ చేశారో చొక్కా విప్పి చూపించమంటారు. అందుకని సముద్రం ఒడ్డునున్న మైపాడు అన్నాను. అక్కడ మాకు చుట్టం లేడు, తెలిసినవాడు లేడు. ఆదివారాలు నెల్లూరు జనం ఆటోల్లో దిగి, నీళ్ళలో కేకలు పెట్టి, చేపల వేపుడు తిని, ఫోటోలు దిగి సాయంత్రానికి వెళ్ళిపోతారు. సోమవారం వెళితే ఊరు ప్రశాంతంగా ఉంటుందని నా లెక్క. సెలవు పెట్టి, ఒక్క సంచీ సర్ది, ఆయన్ని ఆటో ఎక్కించాను.

మేడమీద గది అద్దెకిచ్చే ఇల్లొకటి దొరికింది. ఇంటామె వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. మమ్మల్ని పైనుంచి కిందికి చూసింది.

"ఎవురింటికి వచ్చినారక్కా?"

"ఎవరింటికీ కాదు."

"మరి దేనికి?"

"ఊరికే. సముద్రం చూద్దామని."

"చూసినాక?"

"మళ్ళీ చూస్తాం" అన్నాను. ఆమె చేతిలోని చేప అలాగే పట్టుకుని మా సంచీ వంక చూసింది, ఆ తర్వాత నా మొహం వంక. తాళం ఇచ్చింది కానీ, పక్కింటి గోడ దగ్గరికి వెళ్ళి ఎవరితోనో గుసగుసలాడడం నేను మెట్లెక్కుతూనే విన్నాను.

సాయంత్రం ఇసుకలో కూర్చున్నాం. ఈయన సముద్రం వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. అక్కడ హైవే, ఇక్కడ నీళ్ళు, తేడా ఏమీ లేదు. గాలి బాగుంది కదా అన్నాను. పలకలేదు. అదిగో పడవ అన్నాను. పలకలేదు. చివరికి నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పులు విడిచి, గడియారమూ మెడలో గొలుసూ తీసి రుమాల్లో మూటగట్టి చెప్పుల్లో పెట్టి, "వీటినైనా చూస్తూ ఉండండి" అని నీళ్ళలోకి నడిచాను. ఇంత దూరం వచ్చి ఈయన్ని ఉద్ధరించినట్టే ఉందని నాలో నేనే తిట్టుకుంటూ మోకాళ్ళ దాకా వెళ్ళాను. ఇంతలో పెద్ద అల వచ్చి చీరంతా తడిపేసింది.

"అమ్మా! టైమెంతయింది?"

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన కేక అది. వల వదిలేసి పరుగెత్తుకొస్తున్నాడు. ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్ళు. సముద్రంలో నిలబడిన మనిషిని టైమెంతని అడుగుతారా ఎవరైనా? గడియారం చెప్పుల్లో ఉందన్నాను. "అయితే వచ్చి చూసి చెప్పమ్మా, నాకు శానా అవసరం" అన్నాడు. ఆడవాళ్ళిద్దరూ చెరో చెయ్యీ పట్టుకుని నన్ను ఒడ్డుకు తెచ్చారు. మా ఆయన కూడా లేచి నిలబడి ఉన్నాడు. చూస్తూ కూర్చోమంటే ఎందుకు లేచారని ఆయన మీద విసుక్కున్నాను. పెద్దాయనకు టైము చెప్పాను. ఆయన విన్నట్టు కూడా లేడు. వల ఈడ్చుకొచ్చి, మాకూ నీళ్ళకూ మధ్య పరుచుకుని కూర్చున్నాడు.

ఆ మర్నాటి నుంచీ నాకు ఆ ఊరు అంతుబట్టలేదు. నేను గది తలుపు తీస్తే మెట్ల మీద ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. బీచికి వెళితే ఒకామె పక్కన వచ్చి కూర్చుని, పిల్లలు బాగుండారా, ఇంట్లో ఏమన్నా మాటా మాటా వచ్చినాయా అని అడిగేది. నేను టీ కొట్టుకు వెళితే టీ కొట్టుకు వచ్చేది. ఇంటామె మామిడికాయ వేసిన చేపల పులుసు తెచ్చి, నేను ముద్ద మింగేదాకా ఎదురుగా నిలబడేది. ఈయనకు ఉప్పు తగ్గించమన్నారని చెబితే, "అన్న సంగతి తర్వాత, ముందు నువ్వు తిను" అనేది. రోగి ఈయనైతే నాకెందుకీ మర్యాదలు? పేషెంటును చూడ్డానికి వచ్చి, తోడొచ్చినదానికి పళ్ళిచ్చినట్టుంది వీళ్ళ యవ్వారం అనుకున్నాను.

ఆ ఊరి పాస్టరు గారు కూడా వచ్చారు. మంచం పక్కన బైబిలు చూసి ఇంటామే కబురు పెట్టిందట. ఆమె గంగమ్మకు మొక్కుకునే మనిషి, ఆమెకెందుకీ శ్రద్ధ? ఆయన నా వంకే చూస్తూ, ప్రాణం దేవుడిచ్చిన వరమని, దాన్ని మనంతట మనం పారేసుకునే హక్కు లేదని మెల్లగా చెప్పారు. మందులు సరిగా వేసుకోమని చెబుతున్నారు కాబోలనుకుని, "వేళకు వేస్తున్నానండీ" అన్నాను. ఆయన ఉలిక్కిపడ్డారు. "ఏం వేస్తున్నావమ్మా?" అని రెండుసార్లు అడిగారు. నేను మా ఆయన మాత్రల డబ్బా చూపిస్తే, దాన్ని తీసి ఈయన చేతికిచ్చి, ఇవి మీ దగ్గరే ఉంచుకోండని చెప్పి ప్రార్థన చేసి వెళ్ళారు. మతి ఎవరికి పోయిందో నాకు తెలియలేదు. ఆయనకా, నాకా?

అంతటితో నా ఓపిక అయిపోయింది. మర్నాడు పొద్దున నేను ఒక్కదాన్నే ఒడ్డు వెంట నడుద్దామని బయలుదేరితే, ఇంటామె చేపల తట్ట దించేసి నా వెనకే వచ్చింది. వాకిట్లోనే నిలేసి అడిగేశాను.

"ఏమమ్మా, నేను దొంగనా? మేం ఇక్కడికి ప్రశాంతంగా ఉందామని వచ్చాం. ఒక్క నిమిషం వదిలిపెట్టరేం?"

"వదిలిపెడితే ఏం జేసుకుంటావో అని భయంక్కా."

"నేనా? నేనేం చేసుకుంటాను?"

ఆమె గుమ్మంలో కూర్చుని, నన్నూ కూర్చోమని చెప్పింది.

"చుట్టాలింటికి వస్తారు, చేపలకు వస్తారు, ఆదివారం ఆటకు వస్తారు. ఎవురూ లేని ఊరికి సోమవారం ఒక్క సంచీతో ఎవురొస్తారక్కా? ముందొకామె అట్టనే వచ్చింది. ఎవురింటికమ్మా అంటే ఊరికే అనింది. సాయంత్రం చెప్పులు ఒడ్డున పెట్టి, వాటిల్లో గొలుసు పెట్టి పోయింది. రెండో రోజు మావోళ్ళే పడవలో తెచ్చినారు. ఆమెకు అన్నం పెట్టింది నేనే. అడగలేకపోతినే అని ఇప్పటికీ నా కడుపు రగులుతా ఉంటది."

నా చెయ్యి మెడలో గొలుసు మీదికి పోయింది.

"నువ్వూ చెప్పులిడిస్తివి, గొలుసు తీస్తివి. అందుకే ఆ పొద్దే పెద్దోళ్ళు కూర్చుని వంతులేసినారు. ఒడ్డున వలలకు కాపలా ఉంటాం గదా, ఇంటికో రోజు, అట్టనే నీకూ. మొదట పెద్దాయనోళ్ళది, నిన్న పక్కింటోళ్ళది, ఇయ్యాల మాది. మా ఇంటాయన వేటకు గూడా పోలా."

"నాకు కాపలానా! మరి మా ఆయన?"

"అన్నకేమక్కా, బంగారం. పెట్టింది తింటాడు, కూర్చోమన్నకాడ కూర్చుంటాడు. నువ్వే గదా తిండి కొరికి వదిలేస్తావు, నీలో నువ్వే మాట్లాడుకుంటావు, సముద్రాన్ని కొట్టేటట్టు చూస్తావు."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేని నవ్వు, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా. ఎన్నో నెలల తర్వాత నవ్వాను. ఆమె కూడా కాస్త నవ్వింది, కానీ నన్ను పూర్తిగా నమ్మినట్టు లేదు. ఈ సంగతి ఈయనకు చెప్పాలి, ఇది వింటే రాయైనా నవ్వుతుందనుకున్నాను. గబగబా ఒడ్డుకు వెళ్ళాను. నా వెనకే ఇంటామె భర్త, నాలుగడుగుల ఎడంగా.

ఈయన ఒడ్డుకు లాగిన పడవ నీడలో కూర్చుని ఉన్నాడు. నేను అంతా చెప్పాను. టైమెందుకు అడిగారో, పాస్టరు గారు మాత్రల డబ్బా ఎందుకు లాక్కున్నారో, వలకు వేసినట్టు నాకు వంతులు ఎలా వేశారో, అందరి గొంతులూ అనుకరించి మరీ చెప్పాను. ఈయన నవ్వలేదు. ఇసుక వంకే చూస్తూ అన్నాడు.

"మనిషిని పొరబడినారుమే."

"అంటే?"

"ఆ రోజు నువ్వు నీళ్ళల్లోకి పోకముందు నేనా నీళ్ళనే చూస్తా ఉన్నా. అట్టా లోపలికి పోతే ఇంక ఇదంతా ఉండదు గదా అని అనుకుంటా ఉన్నా. ఇంటికాడ గూడా అనుకునేవాణ్ణి, రోడ్డు మీద బస్సులు చూసేటప్పుడు. ఇంతలో నువ్వు చెప్పులిడిచి నడిస్తివి. నాకు గుండె ఆగిపోయినట్టయింది. నీ కోసరమే లేచినా."

అక్కడే ఇసుకలో కూలబడ్డాను. భయమేసింది, దానికన్నా ఎక్కువ కోపమొచ్చింది. ఆయన భుజం మీద కొట్టాను, మళ్ళీ కొట్టబోయి, గుండె గుర్తొచ్చి ఆగిపోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "బస్సు లేకపోతే నేను దేనికి పనికొస్తానో తెలీడంలా" అన్నాడు. ఆ తర్వాత మాట్లాడుతూనే ఉన్నాడు, అన్ని నెలలుగా గొంతులో ఇరుక్కున్నదంతా. సగం నాకు అర్థమైంది, సగం ఇప్పటికీ కాలేదు. నెల్లూరు వెళ్ళి మనసుకు వైద్యం చేసే డాక్టరు దగ్గర చూపించుకుందామని నేనంటే, ఎంతో కాలానికి నా మాటకు సరేనన్నాడు. నాలుగడుగుల అవతల ఇంటామె భర్త వెనక్కి తిరిగి నిలబడి, మమ్మల్ని చూడనట్టు నటిస్తూ చూస్తున్నాడు.

గది తీసుకున్న ఇంటికి తిరిగి వచ్చాం. ఈయన్ని వాకిట్లో కూర్చోబెట్టి, నేను కింద వాళ్ళ వంటింట్లోకి వెళ్ళాను. ఇంటామె చింతపండు పిసుకుతోంది.

"మేం డాక్టరు దగ్గరికి పోయేదాకా మీ కాపలా తీయొద్దు. మనిషిని మాత్రం మార్చండి" అన్నాను.

ఆమె పిసకడం ఆపింది. వాకిట్లో కూర్చున్న ఈయన్ని చూసింది, నన్ను చూసింది. చెయ్యి కడుక్కుని, బయటికి తొంగిచూసి, ఈయన పక్కన కూర్చోమని భర్తకు సైగ చేసింది.

"నాకూ ఒక వంతు వేయండి" అన్నాను.

"ఇన్నాళ్ళూ నీ ఒక్కదానిదే గదక్కా వంతు. ఇయ్యాల మాది. నువ్వు పోయి పండుకో."

నేను మేడెక్కి, తలుపు తీసిపెట్టే పడుకున్నాను. ఆయన ఎక్కడున్నాడో చూడాలని లేవకుండా నిద్రపోయాను.